జన్యు మార్పిడి ఆహారము - ఒంటికి మేలా, కీడా?

గడచిన సర్వసభ్య సమావేశమున విత్తనముల పద్దు ముగిసిన పిమ్మట సభ్యులొకరు లేచి, "జన్యు మార్పిడి పంటలు తినినచో రోగములు వచ్చునని కొందరును, రావని కొందరును చెప్పుచున్నారు. మేమేది నమ్మవలెను?" అని యడిగిరి. వారి ప్రక్కనున్న పెద్దలొకరు నవ్వి, "తినుట యింకెక్కడిది? బజారునుండి తెచ్చి మన మింట వంకాయ వేచునది ప్రత్తిగింజల నూనెలోనే గదా!" యనిరి. ఆనాడు ప్రొద్దు పోయినందున సమాధానము చెప్పుటకు వీలుగాలేదు. మాకు తెలిసినంతవరకు ఇప్పుడు వ్రాయుచున్నాము.

జన్యు మార్పిడి ఆహారము మంచిదా, చెడ్డదా యను ప్రశ్నకు ఒక్కటే జవాబు లేదు. మందు మంచిదా, చెడ్డదా యని యడిగినవారిని, ఏ మందు, ఎంత మోతాదు, ఎవరికి అని మనము తిరిగి యడుగుదుము. ఇచ్చటను అంతియే. ఏ పంటలో ఏ జన్యువును చేర్చిరి, అది మొక్కలో నేమి పుట్టించును, ఆ పంటపై నేమి చల్లుదురు, దానిని పరీక్షించినవారెవరు అని విడివిడిగా విచారింపవలెను.

ప్రాణముగల ప్రతిదానియందును జన్యువులు కలవు. చారులోని చింతపండునందును, కంచములోని యన్నమునందును గలవు. వానిని మనము ప్రతిదినము తిని జీర్ణించుకొనుచునే యున్నాము. కావున జన్యువును తినుటవలన భయము లేదు. బాపట్లలో పుట్టిన సాంబమసూరి వంటి వంగడములు ఒక వరిని మరియొక వరితో సంకరపరచగా వచ్చినవి. జన్యు మార్పిడియందు మాత్రము ఆ జాతికి సంబంధములేని జీవినుండియైనను ఒక జన్యువును తెచ్చి మొక్కలో చేర్చుదురు. ఆ జన్యువు క్రొత్తగా నొక మాంసకృత్తును పుట్టించును. చూడవలసినది ఆ మాంసకృత్తును, దానివలన మొక్కలో గలుగు ఇతరపు మార్పులను.

మన రైతులెల్లరు నెరిగిన బీటీనే తీసికొందము. బీటీ యనునవి నేలలో సహజముగా నుండు ఒక సూక్ష్మజీవి పేరునకు పొడి యక్షరములు. 1901లో జపానుదేశమున పట్టుపురుగులు చచ్చుటకు కారణమును వెదకుచు దీనిని కనుగొనిరి. 1911లో జర్మనీదేశపు థురింగియా ప్రాంతమున పిండిపురుగునందు మరల కనబడగా ఆ ప్రాంతము పేరే దీనికి వచ్చినది. 1938 నాటికే ఫ్రాన్సులో దీనిని మందుగా చేసి యమ్మిరి. రసాయనపు మందులు వాడని సేంద్రియ రైతులును దీనిని చల్లుచుందురు. ఈ సూక్ష్మజీవి పుట్టించు మాంసకృత్తు గొంగళిపురుగు ప్రేగులోని క్షారమున కరగి, ఆ ప్రేగుగోడనున్న ప్రత్యేక స్థానములను తాళమును చెవి పట్టినట్లు పట్టుకొని రంధ్రములు చేయును. పురుగు మేత మాని చచ్చును. మనుష్యుని కడుపులో నుండునది క్షారము గాదు, ఆమ్లము. ఆ చెవికి సరిపడు తాళము మన ప్రేగులలో లేదు. పప్పులోని మాంసకృత్తు జీర్ణమైనట్లే యిదియు జీర్ణమగును.

ఇక మన పెద్దలు చెప్పిన నూనెమాట. బీటీ ప్రత్తికి మన దేశమున 2002 మార్చిలో అనుమతి వచ్చినది. నేడు దేశమున పండు ప్రత్తిలో అధికభాగ మదియే. కావున ప్రత్తిగింజల నూనె తినువారు జన్యు మార్పిడి పంటనుండి వచ్చినదానినే యెన్నడో తినియున్నారు. అయితే నూనె క్రొవ్వు, మాంసకృత్తు గాదు. శుద్ధిచేసిన నూనెలో ఆ క్రొత్త మాంసకృత్తు మిగులుట లేదనియే చెప్పవచ్చును. చిత్రమేమన, ప్రత్తిగింజలో అసలైన విషము వేరొకటి కలదు. దానిపేరు గాసిపోలు. అది నాటుప్రత్తిలోను కలదు, తాతలనాడును కలదు. పచ్చినూనె తినరాదనుటయు, కోళ్లకు పత్తిచెక్క మితిమీరి పెట్టరాదనుటయు దానివలననే. అమెరికాలో టెక్సాసు ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు గింజలో మాత్రము గాసిపోలు మిక్కిలి తగ్గునట్లు జన్యుపద్ధతిచేతనే ఒక ప్రత్తిని తయారుచేయగా, 2019లో దాని గింజను ఆహారముగా వాడుటకు అక్కడి ప్రభుత్వ మనుమతించినది. ఒక పద్ధతి విషమును చేర్చునని భయపడుచుండగా, అదే పద్ధతి విషమును తీసివేసిన సందర్భ మిది.

గొఱ్ఱెల సంగతియు మరువలేదు. 2006లో వరంగల్లు ప్రాంతమున కాయ యేరిన బీటీ ప్రత్తిచేలలో మేసిన గొఱ్ఱెలు చనిపోయినవని కాపరులు మొఱపెట్టుకొనిరి. వారి నష్టము నిజము. కాని బీటీ మాంసకృత్తే కారణమని పరీక్షలలో నిలువలేదు. ఆకులో పేరుకొన్న నైట్రేటులును, చేలపై కొట్టిన పురుగుమందుల శేషములును అనుమానింపబడినవి. బీటీగింజలు మేపిన పాడిపశువుల పాలలో ఆ మాంసకృత్తు కనబడలేదని మన దేశమున జరిగిన పరీక్షలు తెలిపినవి. అయినను మందుకొట్టిన చేను బీటీదైనను, కాకపోయినను, అందు వెంటనే మందను తోలరాదు.

ఇంతవరకు చదివి, భయమేమియు లేదని మేము చెప్పుచున్నామని తలంపవలదు. శాస్త్రజ్ఞులు మొదట భయపడునది ఒంటికి పడకపోవుటను గూర్చి. కొందరికి వేరుశనగ పడదు, కొందరికి రొయ్య పడదు. వంకాయ తినిన దురద పుట్టువారు మన యిండ్లలోనే కలరు. ఎవరికైన పడని ఆహారమునుండి జన్యువును తెచ్చి మరియొక పంటలో చేర్చినచో, ఆ పడనితనమును వెంట వచ్చునా? వచ్చును. ఇది ఊహగాదు. అమెరికాలో నొక విత్తనసంస్థ పశువులదాణాకు బలము చేకూర్చుటకై బ్రెజిలు కాయయందలి జన్యువును సోయాచిక్కుడులో చేర్చినది. బ్రెజిలు కాయ కొందరికి ప్రాణాపాయముగా పడదు. అట్టివారి రక్తముతో పరీక్షింపగా క్రొత్త సోయాయందును అదే గుణము బయటపడెను. 1996లో ఆ ఫలితము ప్రకటింపబడినది. ఆ విత్తనము బజారునకు రానేలేదు. దీనిని జన్యు మార్పిడికి ప్రతికూలముగా కొందరును, పరీక్ష పనిచేసినదని యనుకూలముగా కొందరును చెప్పుదురు. మాకు రెండును సత్యముగానే తోచుచున్నవి.

పరీక్షవెనుక కట్టుదిట్టము లేకున్న నేమగునో 2000లో తెలిసినది. స్టార్‌లింకు అను మొక్కజొన్నలోని మాంసకృత్తు నెమ్మదిగా జీర్ణమగునను సంశయముచేత అమెరికాలో దానిని పశువులకు మాత్రమే యనుమతించిరి. కాని గిడ్డంగులలో ధాన్యము ధాన్యముతో కలిసిపోయి, మనుష్యులు తిను రొట్టెలలో అది తేలెను. సరకంతయు వెనుకకు తెప్పించిరి. తమకు పడలేదని చెప్పిన వారి రక్తము పరీక్షింపగా ఈ మొక్కజొన్నయే కారణమనుటకు నిదర్శనము దొరకలేదు. గిడ్డంగి నడపు సంఘములకు మాత్ర మీ సంగతి గుర్తుండదగినది.

సంకరపరచిన వంగడములకును అపాయము లేకపోలేదు. అమెరికాలో 1967లో విడుదలయైన లెనాపే యను బంగాళాదుంపలో సహజవిష మధికముగా నుండుటచేత 1970లో దానిని మానిపించిరి. దానిలో జన్యు మార్పిడి యేమియు లేదు.

ఇక మేలు సంగతి. వంగతోట పెంచినవారికి మొవ్వును, కాయను తొలుచు పురుగు నెరిగింపనక్కరలేదు. అది కాయలో చొచ్చినదా, ఏ మందును దానిని చేరదు. కావున చొరకమునుపే కొట్టవలెనని రైతు కొద్దిదినముల కొకమారు కొట్టుచుండును. కొట్టినవాని ఒంటికి కొంత, తినువాని కంచములోనికి కొంత ఆ మందు చేరును. దీనికి మందుగా బీటీవంగను మన దేశముననే తయారుచేసిరి. 2009 అక్టోబరులో కేంద్రసంఘము దాని కనుకూలముగా చెప్పినది. పిమ్మట పర్యావరణమంత్రి జైరాం రమేష్‌గారు దేశమున ఏడుచోట్ల బహిరంగసభలు జరిపిరి. అందొకటి హైదరాబాదున జరిగినది. 2010 ఫిబ్రవరి 9వ తేదీన, స్వతంత్రమైన దీర్ఘకాలపు పరీక్షలు కావలయునని చెప్పి వారు దానిని నిలిపివేసిరి. విత్తనమమ్మువారి సొమ్ముతో జరిగిన పరీక్షలను మాత్రమే నమ్మవలెనా యను వారి ప్రశ్న న్యాయమైనదే. అయితే నాటినుండి ఆ స్వతంత్ర పరీక్షలను పూర్తిచేయకయే కాలము గడుపుట న్యాయమని మాకు తోచదు.

అదే బీటీవంగకు బంగ్లాదేశము 2013లో అనుమతినిచ్చి, 2014నుండి సాగుచేయుచున్నది. అక్కడ రైతులను చీట్లువేసి రెండు తెగలుగా విభజించి చేసిన పరిశోధనలో బీటీవంగ వేసినవారికి పురుగుమందుల ఖర్చు మూడవవంతునకు పైగా తగ్గినట్లును, దిగుబడి దాదాపు సగము పెరిగినట్లును తేలినది. మందు సోకుటవలన వచ్చు తలతిప్పుట, కండ్లమంట వంటి బాధలును, ముందే అనారోగ్యముతో నున్న రైతులయందు తగ్గినవి. ఆరోగ్యమనగా తినువానిది మాత్రమే గాదు, పండించువానిదియు గదా.

ఈ మేలు శాశ్వతమని మాత్ర మెవరును చెప్పజాలరు. ప్రత్తిలో మనమే చూచితిమి. తొలి సంవత్సరములలో కాయతొలుచు పురుగునకు మందుకొట్టుట తగ్గినది. తరువాత గులాబీపురుగు బీటీకి అలవాటుపడినది. 2009-10లో గుజరాతునందు మొదటి బీటీకిని, కొన్నేండ్లకు రెండు జన్యువులుగల రెండవదానికిని లొంగకపోయెను. పచ్చదోమ, తెల్లదోమలకు బీటీ యెన్నడును పనిచేయలేదు. మందుడబ్బాలు మరల చేలలోనికి వచ్చినవి.

మేలులో మరియొక తెగ కలదు. మొక్కజొన్నకంకిని పురుగు తొలిచినచోట బూజు పట్టి విషము పుట్టును. బీటీ మొక్కజొన్నలో పురుగు తక్కువగుటచేత ఆ విషమును తక్కువయగును. బియ్యములో లేని ఎ-విటమినును పుట్టించుటకు 2000లో బంగారు బియ్యమును తయారుచేసిరి. ఫిలిప్పీన్సు 2021లో దాని సాగునకు అనుమతించినది గాని, 2024లో అక్కడి న్యాయస్థానము ఆ యనుమతిని రద్దుచేసినది. మధుమేహమునకు మనవారు వేసికొను ఇన్సులిను 1982నుండి జన్యు మార్పిడిచేసిన సూక్ష్మజీవులే పుట్టించుచున్నవని ఎందరెరుగుదురు?

మాకు మిక్కిలి భయమైన సంగతి విత్తనములో లేదు, దానివెంట వచ్చు మందులో నున్నది. గడ్డిమందును తట్టుకొను పంటలు వేరొక జాతి. గ్లైఫోసేటు చల్లిన గడ్డి చచ్చును, పంట నిలుచును. కూలి మిగులును గాని, పైరుమీదనే మందు కురియును. 2015 మార్చిలో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పుట్టకురుపు పరిశోధన శాఖ ఈ మందు మనుష్యులకు పుట్టకురుపు కలిగింపగలదని సంభావ్యమైన వర్గమున చేర్చినది. అమెరికా, ఐరోపా అధికారసంస్థలు దానితో నేకీభవింపలేదు. వివాదము తేలలేదు. మన ప్రభుత్వము 2022 అక్టోబరులో, అనుమతిపొందిన పురుగునివారకులు తప్ప ఇతరులు దీనిని వాడరాదని ఉత్తరువు చేసినది. గడ్డిమందును తట్టుకొను ప్రత్తికి మన దేశమున అనుమతి లేదు. అయినను బీజీ-3 యను పేరున రెండు తెలుగు రాష్ట్రములలోను చాటుగా అమ్ముచున్నారు. దాని గింజనూనె, చెక్క యెట్టివో మన దేశమున పరీక్షించి సరియన్నవారు లేరు. మొలవకున్నచో అడుగుటకు రసీదును ఉండదు.

చేతిఫోనులలో తిరుగుచున్న గడ్డలెత్తిన ఎలుకల బొమ్మలనుగూర్చియు అడిగిరి. అవి 2012లో ఫ్రాన్సునందు ప్రకటింపబడిన పరీక్షలోనివి. ఎలుకలు చాలినన్ని లేవనియు, ఆ జాతి యెలుకలకు ఏమి పెట్టినను ముసలితనమున గడ్డలు వచ్చుననియు ఆక్షేపణలు రాగా, 2013లో ఆ పత్రిక ఆ వ్యాసమును ఉపసంహరించినది. 2014లో అది వేరొక పత్రికలో మరల వచ్చినది. ఆక్షేపణలు మాత్రము తీరలేదు. 2016లో అమెరికా జాతీయ విజ్ఞానపరిషత్తులు 900కు మించిన పరిశోధనలను పరిశీలించి, అనుమతిపొందిన జన్యు మార్పిడి ఆహారములు ఇతర ఆహారములకంటె ఎక్కువ హానికరములనుటకు ఆధారము కనబడలేదని చెప్పినవి. అట్టి ఆహారము తిను అమెరికావారిని, అంతగా తినని పశ్చిమ ఐరోపావారిని పోల్చిచూచినను రోగములలో ఆ కారణముచేత వచ్చిన భేదము తోచలేదు. ఒక్కొక్క క్రొత్త పంటను విడిగా పరీక్షింపవలెననియు వారే చెప్పిరి.

2025 మే నెలలో ప్రకటించిన రెండు వరులనుగూర్చి సభ్యులకు తెలిసియుండును. సాంబమసూరినుండి రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంస్థ చేసిన కమల యొకటి, కాటన్‌దొర సన్నాలనుండి ఢిల్లీవారు చేసినది మరియొకటి. వీనిలో పరజీవి జన్యువును నిలుపలేదు. వరియందే యున్న జన్యువును సవరించిరి. అందుచేత 2022నాటి ఉత్తరువు ప్రకారము జన్యు మార్పిడి పంటలకుగల పూర్తి పరీక్షలనుండి ఇట్టివానిని మినహాయించిరి. ఆ మినహాయింపు తగునా యని కొందరు శాస్త్రజ్ఞులు, రైతుసంఘములవారు ప్రశ్నించుచున్నారు.

మన సంఘపు దుకాణమున ప్రత్తివిత్తనము ముద్రగల సంచిలోనే, రసీదుతోనే అమ్మబడును. సంచిపై వంగడము పేరు, లాటు సంఖ్య, పరీక్షించిన తేదీ, గడువు ఉండునో లేదో చూచి తీసికొని, పంట యింటికి వచ్చువరకు సంచిని, రసీదును పారవేయక దాచవలెను.