డ్రైసూట్ కొనాలా? ముందు మెటీరియల్ సంగతి తేల్చుకోండి

ఈ ఎపిసోడ్‌లో స్కూబా డ్రైసూట్ మెటీరియల్ గురించి మాట్లాడుకుందాం. అండమాన్‌లో డైవ్ చేసేవాళ్లకి దీంతో పనిలేదు, అక్కడ నీళ్లు వెచ్చగానే ఉంటాయి. అదే ఐస్‌లాండ్‌లోని సిల్ఫ్రాకి వెళ్తే? ఏడాది పొడవునా నీళ్లు 2 నుంచి 4 డిగ్రీలే. గాలికంటే నీరు మన ఒంట్లో వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. అందుకే అక్కడ ఒళ్లు తడవనివ్వని సూట్ కావాలి.

మొదటిది నియోప్రీన్. ఇది నురుగులాంటి రబ్బరు, లోపలంతా సన్నటి గ్యాస్ బుడగలు. చలిని ఆపేవి ఆ బుడగలే. బాగా సాగుతుంది, ఈత సులువు. చిరిగి నీళ్లు లోపలికొచ్చినా కొంత వెచ్చదనం మిగులుతుంది. మరి చిక్కెక్కడ? 10 మీటర్ల లోతులో పీడనం పైనున్నదానికి రెట్టింపు. బుడగలు నలిగి సూట్ పలచబడుతుంది. అంటే వెచ్చదనం, తేలే గుణం రెండూ తగ్గిపోతాయన్నమాట. పైగా బరువెక్కువ, ఆరడానికి టైమ్ పడుతుంది.

రెండోది ట్రైలామినేట్. పేరులోనే ఉంది, మూడు పొరలు. అటూ ఇటూ నైలాన్ లేదా పాలిస్టర్, మధ్యలో బ్యూటైల్ రబ్బరు. తేలిక, త్వరగా ఆరుతుంది, ప్యాచ్ వేసుకోవడమూ ఈజీ. లోతుకి వెళ్లినా గుడ్డ నలగదు. కానీ దానికదే వెచ్చగా ఉంచదు, చలిని బట్టి లోపల అండర్‌సూట్ వేసుకోవాల్సిందే. అది తడిస్తే మాత్రం చలి వెంటనే పట్టేస్తుంది.

ముందే నలిపి తయారుచేసే క్రష్‌డ్ నియోప్రీన్ కూడా ఉంది. గట్టిది, లోతులో పెద్దగా మారదు, కానీ ధర ఎక్కువ. మురికి నీళ్లలో పనిచేసే డైవర్లు వల్కనైజ్‌డ్ రబ్బరు సూట్ వాడతారు, కడిగి శుభ్రం చేయడం తేలిక కాబట్టి.

నన్నడిగితే, విమానమెక్కి రకరకాల చోట్లకి వెళ్లేవాళ్లకి ట్రైలామినేటే మేలు. ఎప్పుడూ ఒకేచోట, తక్కువ లోతులో డైవ్ చేస్తే నియోప్రీన్ చాలు. కొనేముందు అండర్‌సూట్‌తో సహా వేసుకుని గొంతుకూర్చోండి, చేతులు పైకెత్తండి, వాల్వ్ అందుతుందో లేదో చూడండి. లేటెక్స్ పడనివాళ్లు సిలికాన్ సీల్స్ అడగండి.

ఒక్క మాట మర్చిపోవద్దు. పైకొచ్చేటప్పుడు సూట్‌లోని గాలి ఉబ్బుతుంది. దాన్ని సరిగ్గా వదలకపోతే మనిషి అదుపు తప్పి పైకి తన్నుకొస్తాడు, ప్రాణానికే ముప్పు. అందుకే ఏ మెటీరియల్ అయినా సరే, డ్రైసూట్ ట్రైనింగ్ తీసుకున్నాకే దిగండి.