సూసా ఇంటిపేరు: గళ్ళలోని చమత్కారము, చరిత్రలోని సత్యము

గుండ్లపోచంపల్లి రైల్వే స్టేషనులో ఒక ఉదయమున సికిందరాబాదు బండి కొఱకు ఎదురుచూచుచుండగా, నా ప్రక్క బెంచీపై కూర్చున్న విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఆంగ్ల దినపత్రికను నాలుగు మడతలు వేసి మోకాలిపై నుంచుకొని, పెన్సిలు కొనను పెదవులకు ఆనించి, గళ్ళ నుడికట్టును పూరించుచుండిరి. అడ్డము వరుసలో ‘కవాతు సంగీతమునకు రాజు, అయిదక్షరములు’ అని ఆధారము. ఎస్, ఓ, యు, ఎస్, ఏ అని ఒక్కొక్క అక్షరమును నిదానముగా గళ్ళలో దించి, నా వైపు తిరిగి, “చూసినవా తమ్మీ, ఈయన అసలు పేరు ‘సో’నే. అమెరికా పోయినంక వెనక యు.ఎస్.ఏ. తగిలించుకున్నడు. అట్ల సూసా అయిండు” అనిరి. “కాదు సార్, అది కట్టుకథ” అని నేననుటయు, బండి వచ్చుటయు ఒక్కసారే జరిగెను. ఆనాడు వారికి చెప్పలేకపోయిన మాటలే ఇవి.

జాన్ ఫిలిప్ సూసా ఎక్కడినుండియో అమెరికాకు వలస వచ్చినవాడు కాడు. 1854 నవంబరు 6న వాషింగ్టన్ నగరముననే జన్మించినవాడు. తండ్రి పోర్చుగీసు దంపతులకు స్పెయిన్ దేశపు సెవిల్‌లో పుట్టి, అమెరికా చేరి, నౌకాసైనికుల బ్యాండులో ట్రాంబోను వాయించినవాడు. తల్లి జర్మనీలోని బవేరియా ప్రాంతపు స్త్రీ. పదమూడేండ్ల ప్రాయమున, 1868లో, ఆ బ్యాండులోనే శిష్యుడుగా చేరిన ఈ బాలుడు 1880లో దానికే నాయకుడై పన్నెండేండ్లు నడిపెను. కొడుకునకు ఈ పేరు తండ్రినుండి వచ్చినది. తండ్రికి తన తండ్రినుండి వచ్చినది. ఇందులో ‘సో’ అనువానికి చోటెక్కడ?

అయినను కథ ఒకటి కాదు, మూడు రూపములలో తిరిగెను. ఆయన జర్మన్ దేశీయుడగు సిగిస్మండ్ ఓక్స్ అని ఒకరు, ఆంగ్లేయుడగు శాం ఆగ్డెన్ అని మఱొకరు, ఫిలిప్సో అను గ్రీకు వాడని ఇంకొకరు చెప్పుచుండిరి. అయితే ఎవరు చెప్పినను కథ ముగియునది మాత్రము అమెరికాకు వచ్చుచు తెచ్చుకొన్న పెట్టెపై వ్రాసిన ‘ఎస్. ఓ., యు.ఎస్.ఏ.’ అను అక్షరములయొద్దనే. ఒక మనిషికి మూడు దేశములను అంటగట్టిన కథ తన్ను తానే ఖండించుకొనుచున్నదని వేరుగ చెప్పవలయునా? సూసా 1928లో ప్రకటించిన తన ఆత్మకథలో ఈ మూడింటిని వరుసగా పేర్కొని త్రోసిపుచ్చెను. ప్రపంచమంతట పేరుమోసిన వ్యక్తి తన తండ్రి పేరు తన తండ్రిదేయని నిరూపించుకొనవలసి వచ్చుట నాకు బాధాకరముగనే తోచును.

ఈ కథ నేటికిని చావకపోవుటకు గళ్ళ నుడికట్టును కొంత కారణము. అయిదక్షరములలో మూడు అచ్చులు గల పేరు ఆంగ్లమున గళ్ళు కట్టువారికి వరము వంటిది; ఎటువైపు పదమునకైనను అతుకును. పైగా ‘సో’ అను మాటకు దేశము పేరు చేర్చిన సంగీతకర్త యెవరు అని అడుగుట వారికి సులభమైన చమత్కారము. చమత్కారముగా అది చక్కనిదే, నేనును మెచ్చుకొందును. కాని ఆధారము అక్షరములను విఱుచును. చరిత్ర అట్లు విఱుగదు. ఇదే పేరును మన తెలుగు గళ్ళలో వ్రాసి చూడుడు: ‘సూ’, ‘సా’ అని రెండే గళ్ళు పట్టును; అమెరికా ఎక్కడను కనబడదు. పోర్చుగీసు భాషలోనైన ఆ దేశమును ‘ఇ.యు.ఏ.’ అని వ్రాయుదురు గాని యు.ఎస్.ఏ. అని వ్రాయరు.

మఱి ఆ పేరు ఎక్కడిది? అది ఒక నది పేరు. పోర్చుగల్ ఉత్తరభాగమున ప్రవహించి డోరో మహానదిలో కలియు చిన్న యేరు సోజ. ఆ యేటి పరిసరములను ఏలిన ప్రభువంశము పదునొకండవ శతాబ్దమునాటికే, అనగా అమెరికా సంయుక్త రాష్ట్రములు అవతరించుటకు సుమారు ఏడువందల యేండ్లకు ముందే, ఆ పేరు ధరించెను. మనకిది క్రొత్త సంగతి కాదు. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల; అది ప్రకాశం జిల్లాలోని ఊరి పేరే గాని కాకర తీగతో సంబంధించినది కాదని పెద్దలు చెప్పుదురు. పేరులోని ధ్వనినిబట్టి అర్థము తీయువారు మా ఊరి విషయమునను పొరబడుదురు. పోచంపల్లి యనగనే పట్టుచీరలకై ఇక్కడికి వచ్చువారు కలరు. ఆ చీరలు 1951లో వినోబాకు తొలి భూదానము లభించిన భూదాన్ పోచంపల్లివి. మాది రెడీమేడు దుస్తుల పార్కు గల గుండ్లపోచంపల్లి. అయితే ఆ పార్కులో దినమంతయు వినబడు ‘ఇస్త్రీ’ అను మాటయు, కట్టడములయొద్ద మనము పిలుచు ‘మేస్త్రీ’యు పోర్చుగీసువారు విడిచిపోయినవే!

డిసౌజా వేఱు, సూసా వేఱు అనుకొనుటయు పొరబాటే. పోర్చుగీసున రెండచ్చుల నడుమ ‘స’కారము ‘జ’కారముగా పలుకును, ‘ఓ’ అను ధ్వనికి రెండక్షరములు వ్రాయుదురు. అందుచేత అక్కడ ‘సోజ’, అమెరికాలో ‘సూసా’ లేక ‘సూజా’, మన దేశమున ‘సౌజా’. ‘కు, యొక్క’ అను అర్థముగల ‘ద’ ముందు చేరి డిసౌజా అయినది. ఇక డిసౌజా యన్నవారందరు పోర్చుగీసు సంతతివారే యనుట పెద్ద అపోహ. 1542లో గోవాకు గవర్నరుగా వచ్చినవాడే మార్తిం అఫొన్సో ద సోజ. ఆ కాలమున మతము మారిన గోవా కుటుంబములు జ్ఞానస్నానమున తమకు పెద్దగా నిలిచిన వారి పేర్లను, పాదిరుల పేర్లను స్వీకరించెను. కనుక ఆ పేరు రక్తమునకు సాక్ష్యము కాదు.

కడపట, బరాతులలో అప్పుడప్పుడు కనబడు ఆ పెద్ద నోటి ఇత్తడి వాద్యము సంగతి. మేడ్చల్ రోడ్డున ఒక ఫంక్షను హాలు ముంగిట దానిని చూచితిని. గొట్టము వాద్యకారుని నడుమును చుట్టి, ఎడమ భుజము మీదుగా తలపైకి లేచి, పళ్ళెమంత నోరు తెఱచియున్నది. దాని పేరు సూసాఫోను. సూసాయే దానిని తయారుచేసెనని చెప్పుదురు గాని ఆయన కోరిక చెప్పినవాడు మాత్రమే. 1893లో చేసి యిచ్చినది పెప్పర్ అను వాద్యముల తయారీదారు. బ్యాండు మొత్తముపై నాదము వర్షించినట్లు పడవలెనని సూసా కోరిక. అందుచేత తొలి సూసాఫోను నోరు ఆకాశము వైపే యుండెను. నేను చూచినదాని నోరు పెండ్లికొడుకు వైపు తిరిగియున్నది. ఆ మార్పు తరువాత వచ్చినది.