పొలం ఒకరిది, పంట ఎందరిది?

మన ఊళ్ళో ఏ గట్టు మీదైనా నిలబడి "ఈ పొలం ఎవరిదండీ?" అని అడగండి. ఒక పేరు చెప్తారు. ఇంకాస్త గట్టిగా అడిగితే పట్టాదారు పాసు పుస్తకం తెచ్చి చూపిస్తారు. అంతటితో ప్రశ్న అయిపోతుంది.

ఇదే ప్రశ్న ఓ అరవై ఏళ్ళ కిందట ఇండోనేషియాలోని జావా పల్లెలో అడిగి ఉంటే, ఒక్క పేరుతో జవాబు తెమిలేది కాదు. పేరు ఒకరిది, సాగు ఇంకొకరిది, కోతకొచ్చి వంతు తీసుకునే హక్కు ఊళ్ళో సెంటు భూమి లేని ఆడవాళ్ళది. తర్వాత ఒక చిన్న పనిముట్టు మారింది. దాంతో ఆ చివరి హక్కు మెల్లగా మాయమైంది. రేపు పనిముట్లు తయారుచేయబోయే మనం తెలుసుకోవలసిన కథ ఇది.

ముందు ఊరు చూద్దాం

జావా మన ఆంధ్రప్రదేశ్ కంటే చిన్న దీవి. వైశాల్యం సుమారు 1,29,000 చదరపు కిలోమీటర్లు. 2020 జనాభా లెక్కల ప్రకారం జనం 15 కోట్ల పైచిలుకు! అగ్నిపర్వతాల మట్టి, పుష్కలంగా నీళ్ళు ఉండటంతో ఇంతమందిని ఆ నేల శతాబ్దాలుగా మోస్తోంది. కానీ మనిషికి దక్కే ముక్క మాత్రం చాలా చిన్నది. అర హెక్టారు, అంటే మన లెక్కలో ఎకరంపావు కూడా లేని రైతుని అక్కడ 'పెతాని గురెమ్' అంటారు. జావాలో అలాంటివాళ్ళే ఎక్కువ.

ఊరిని 'దేసా' అంటారు. అవును, మన 'దేశం' అనే మాటే. ఆస్తిని 'హర్తా' అంటారు, అది సంస్కృతం 'అర్థం' నుంచి వెళ్ళింది. హక్కుని 'హక్' అనీ, వారసత్వ ఆస్తిని 'వరిసన్' అనీ అంటారు. మన హక్కు, వారసుడు వచ్చిన అరబ్బీ మూలాల నుంచే అవీ వచ్చాయి. వాళ్ళ ధాన్యలక్ష్మి పేరు 'దేవి స్రి'. ఇంత దగ్గరి మాటలున్నాయి కాబట్టి అక్కడి ఆస్తి కూడా మనలాగే ఉంటుందనుకుంటాం. అక్కడే తేడా ఉంది.

నేల మూడు రకాలు. నీళ్ళు నిలిచే వరి మడి 'సావా'. వాన మీద ఆధారపడే మెట్ట 'తెగాల్'. ఇంటి చుట్టూ ఉండే దొడ్డి 'పెకరాంగన్'. ఈ దొడ్డిని తక్కువగా చూడకండి. కొబ్బరి, అరటి, పనస, బొప్పాయి, కర్రపెండలం, వెదురు, పసుపు, అల్లం, నాలుగు కోళ్ళు, వీలైతే ఒక చేపల గుంట. అన్నీ ఒకదాని నీడలో ఒకటి పెరుగుతాయి. వరి డబ్బు చేతికి రాని నెలల్లో ఇల్లు గడిచేది దీని మీదే.

పాతకాలపు ఊళ్ళో మనిషి హోదా కూడా వీటిని బట్టే ఉండేది. మడి, దొడ్డి, ఇల్లు మూడూ ఉన్నవాళ్ళు ఊరి అసలు సభ్యులు. పన్నులు, ఊరి పనుల బరువు కూడా వాళ్ళదే. దొడ్డి, ఇల్లు మాత్రమే ఉన్నవాళ్ళు తర్వాతి వరస. ఇంకొకరి దొడ్లో ఇల్లు వేసుకున్నవాళ్ళు ఆ తర్వాత. ఏమీ లేక ఇంకొకరి ఇంట్లోనే తలదాచుకునేవాళ్ళు చివర.

ఇంకొకరి దొడ్లో ఇల్లా? జావా సంప్రదాయంలో నేల వేరు, దాని మీదున్నది వేరు. నేల ఒకరిది, ఇల్లు ఇంకొకరిది, చెట్టు మరొకరిది కావచ్చు. పాత చెక్క ఇళ్ళని మేకులతో కాకుండా గాడి, కుసి పద్ధతిలో అతికేవారు. విప్పి, మోసుకెళ్ళి, ఇంకోచోట నిలబెట్టొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అంటే అక్కడ ఇల్లు ఒక రకంగా చరాస్తి!

ఆడపిల్లకీ వాటా

వారసత్వం తల్లి వైపూ తండ్రి వైపూ నడుస్తుంది. కూతురికీ పొలం వస్తుంది. ఎంత అన్నదానికి రెండు ఆచారాలు. ఒకటి అందరికీ సమానం. రెండోది 'సెపికుల్ సెగెందొంగాన్'. కొడుకుకి కావడి మోత, కూతురికి వీపున మోసే ఒక మూట. కావడికి రెండు వైపులా బరువుంటుంది కాబట్టి రెండు వంతులు కొడుకుకి, ఒక వంతు కూతురికి అని లెక్క. ఇస్లాం చట్టం చెప్పే నిష్పత్తీ ఇదే. చాలా కుటుంబాలు కూర్చుని మాట్లాడుకుని సమానంగానే పంచుకుంటాయి. తల్లిదండ్రుల్ని చివరిదాకా చూసుకున్నవాళ్ళకి ఇల్లు వదిలేయడం మామూలు.

పెళ్ళికి ముందు ఎవరు తెచ్చుకున్నది వాళ్ళదే. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి సంపాదించింది 'గోనో-గిని'. విడిపోతే ఇద్దరూ పంచుకోవాల్సిందే. వినడానికి ఎంత బాగుందో! కానీ దీని వల్లే ప్రతి తరంలోనూ మడి చిన్నదవుతూ వచ్చింది. ముక్క చిన్నదయ్యేకొద్దీ పొలం లేని చేతులు పెరిగాయి.

కోత అనే హక్కు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వరి పండితే ఊళ్ళో ఎవరైనా కోతకి రావచ్చు. రావద్దని చెప్పడం యజమానికి మర్యాద కాదు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. చేతిలో 'అని-అని' అనే చిన్న కత్తి ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోతుంది. ఒక్కొక్క కంకినే పట్టుకుని కోస్తారు. పెద్ద కత్తి చూస్తే ధాన్యంలో ఉండే దేవి స్రి బెదిరిపోతుందని నమ్మకం. కోసినదాంట్లో ఒక వంతు కోసినవాళ్ళకి. ఆ వంతు పేరు 'బవోన్'. కోత అయ్యాక మిగిలిన పరిగె ఏరుకోవడానికి ఇంకొంతమంది వచ్చేవారు.

ఈ హక్కు ఏ కాయితం మీదా లేదు. అయినా ఒక పేదరాలికి ఏడాదిలో కొన్ని నెలల తిండి దాని మీదే వచ్చేది. అమెరికన్ మానవ శాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్స్ 1963లో రాసిన పుస్తకంలో, జావా పల్లెలు ఉన్నదాన్ని చిన్న చిన్న ముక్కలుగా అందరికీ పంచుకుంటూ బతుకుతున్నాయని, దాన్ని 'పంచుకున్న పేదరికం' అని అన్నాడు. తర్వాతి పరిశోధకులు ఒప్పుకోలేదు. పంపకం అంత సమానంగా ఎప్పుడూ లేదు, పెద్ద రైతులూ కూలీలూ ముందు నుంచీ ఉన్నారని చూపించారు. ఇద్దరూ చెప్పినదాంట్లో నిజముంది. పంచేది సమానంగా కాదు, కానీ ఎవర్నీ పూర్తిగా బయటకి తోసేసేది కాదు.

విత్తనం మారింది, కత్తి మారింది

1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్-8 విడుదల చేసింది. మన దగ్గర పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు 1967లో దాన్ని పండించి 'మిస్టర్ ఐఆర్-8' అని పేరు తెచ్చుకున్నారు. ఆ వంగడం తల్లిదండ్రుల్లో ఒకటి తైవాన్ పొట్టి రకం, రెండోది ఇండోనేషియా రకం 'పెతా'. అందుకే ఇండోనేషియాలో ఐఆర్-8ని 'పెతా బారు', అంటే కొత్త పెతా అని పిలిచారు.

దిగుబడి పెరిగింది. 1984 నాటికి ఇండోనేషియా బియ్యంలో స్వయంసమృద్ధి సాధించింది. ఆకలి తగ్గింది, ఇది చిన్న విషయం కాదు. కానీ కొత్త వరి పొట్టిగా ఉంటుంది, గింజ తేలిగ్గా రాలుతుంది. దానికి కొడవలే సరిపోతుంది. కొడవలితో కోస్తే తక్కువమంది చాలు. అదే సమయంలో బియ్యం మిల్లులొచ్చి, ఆడవాళ్ళు రోకళ్ళతో దంచి సంపాదించుకునే కూలీ కూడా పోయింది.

ఇక్కడ 'తెబాసాన్' పద్ధతి ఊపందుకుంది. మన దగ్గర మామిడి తోటని కాపు మీద అమ్మేసినట్టు, రైతు కోతకి కొద్ది రోజుల ముందే చేనుని వ్యాపారికి అమ్మేస్తాడు. వ్యాపారి తన మనుషుల్నీ కొడవళ్ళనీ తెచ్చుకుంటాడు. కోతకొచ్చిన పక్కింటి పెద్దమ్మతో రైతు "నాదేముంది పిన్నీ, పంట అమ్మేశాను కదా" అనగలడు. వ్యాపారికి ఆ ఊరి మొహమాటం లేదు. వద్దని చెప్పలేని మాటని రైతు ఆ విధంగా వ్యాపారి చేత చెప్పించాడు.

చిన్న లెక్క వేద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే. చేనులో 2,400 కిలోల ధాన్యం పండిందనుకోండి. పాత పద్ధతిలో ఆరో వంతు కోసినవాళ్ళకి, అంటే 400 కిలోలు. 50 మంది వస్తే తలా 8 కిలోలు. కొత్త పద్ధతిలో 10 మంది కొడవళ్ళతో వస్తారు, వంతు పన్నెండోది. 200 కిలోలు, తలా 20 కిలోలు. కూలీ ఆదాయం రెండున్నర రెట్లు! యజమాని వైపు 200 కిలోలు ఆదా! ప్రాజెక్టు రిపోర్టులో రాస్తే అందరికీ లాభమే. ఎందుకంటే ఆ రిపోర్టులో మిగతా 40 మంది ఉండరు.

కొన్ని చోట్ల ఆ 40 మందిలో కొందరు 'కెదోకాన్' అనే ఒప్పందానికి దిగారు. నాట్లు, కలుపు పనులు కూలీ లేకుండా చేసిపెడితేనే కోతలో వంతు. నిన్నటిదాకా ఊరికే ఉన్న హక్కుని ఇవాళ చాకిరీతో కొనుక్కోవడం అన్నమాట.

ఎందుకు అడగలేదు?

మరి ఊరు ఎదురు తిరగలేదా? దీనికి జవాబు 1960లో ఉంది. ఆ ఏడాది ఇండోనేషియా మౌలిక భూచట్టం తెచ్చింది. భూ పరిమితి పెట్టారు. ఏడేళ్ళు దాటిన తాకట్టు పొలాన్ని డబ్బు కట్టకుండానే యజమానికి తిరిగివ్వాలన్నారు. అమలు నత్తనడక నడిచింది. 1963 తర్వాత కమ్యూనిస్టు రైతు సంఘాలు తామే పొలాల్లోకి దిగాయి, గొడవలు ముదిరాయి. 1965-66లో దేశమంతా కమ్యూనిస్టుల మీద జరిగిన మారణకాండలో లక్షలమంది చనిపోయారు. మధ్య, తూర్పు జావా పల్లెలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆ తర్వాత చాలాకాలం భూమి గురించి గొంతెత్తడమంటే కమ్యూనిస్టు ముద్ర వేయించుకోవడమే. కొడవళ్ళు మడుల్లోకి వచ్చినప్పుడు ఊరు మౌనంగా ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

ఒక కాయితం, ఒక పేరు

ఇప్పుడు జావా పల్లెల్లో భూమి ధ్రువపత్రాలు వేగంగా వస్తున్నాయి. పాతకాలపు 'గిరిక్' పన్ను కట్టినట్టు చూపే కాయితమే, హక్కు పత్రం కాదు. కొత్త ధ్రువపత్రం ఉంటే బ్యాంకు అప్పు దొరుకుతుంది, హద్దు తగాదాలు తగ్గుతాయి, విధవరాలి పొలం మీద మరుదులు కన్నేయడం కష్టమవుతుంది. మంచిదే. చదునైన చోట్ల కోత యంత్రాలు కూడా దిగాయి. కుర్రాళ్ళు ఫ్యాక్టరీలకి వెళ్ళిపోతుంటే కోతకి మనుషులే దొరకడం లేదు. పాత పద్ధతి తిరిగి రావాలనడం అర్థం లేని మాట. కంకి కంకీ కోసి తలా 8 కిలోలు పంచుకున్న బతుకు ఎవరికీ కల కాదు.

అయితే ధ్రువపత్రంలో పేరు రాసే గడి ఉంటుంది గానీ, "కోతకి రావచ్చు" అని రాసే గడి ఉండదు. కాబట్టి ఆ హక్కు పోయినప్పుడు ఏ రికార్డులోనూ ఏదీ మారలేదు. ఎవరి ఆస్తీ ఎవరూ లాక్కోలేదు. చట్టం దృష్టిలో అసలేమీ జరగలేదు. ఆ పెద్దమ్మ ఇంట్లో మాత్రం గింజలు తగ్గాయి.

మనలో చాలామంది రేపు ఏదో ఒక పనిని వేగంగా, తక్కువ మనుషులతో చేసే యంత్రమో యాప్‌యో తయారుచేస్తాం. చెయ్యాలి కూడా. చేసేటప్పుడు ఎంత ఆదా అయిందో లెక్కేస్తాం కదా, ఆ పక్కనే ఇంకో వరస గీసి, ఆ పని మీద ఏ కాయితమూ లేకుండా బతుకుతున్నది ఎవరో కూడా రాసుకుందాం. వాళ్ళని ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. ముందు వాళ్ళు లెక్కలోకి రావాలి.