సెల్ ఫోను మెదడుపై పనిచేస్తుందా?

గేదె ఎదకు వస్తే గోపాలమిత్రకు కబురు చెప్పడానికీ, పాల బిల్లు బ్యాంకులో పడినదీ లేనిదీ తెలుసుకోవడానికీ సభ్యులకు సెల్ ఫోను తప్పనిసరి అయినది. అయితే దాని రేడియేషన్ మెదడును పాడుచేస్తుందేమోనని భయపడేవారు మన సంఘాలలో కొందరున్నారు. వారి కోసం మాకు తెలిసినంతవరకు వివరిస్తున్నాము.

రేడియేషన్ అనగానే ఎక్స్‌రే గుర్తుకు వస్తుంది. ఫోను నుండి వచ్చేవి ఎక్స్‌రేలు కావు, రేడియో తరంగాలు. ఎక్స్‌రేలకు శరీరంలోని అణువులను దెబ్బతీసే శక్తి ఉన్నది. వీటికి అంత శక్తి లేదు. మోతాదు మించితే వేడి పుట్టిస్తాయి. మన దేశంలో ఫోనులకు కిలో శరీర బరువుకు 1.6 వాట్లు అనే హద్దు 2012 సెప్టెంబరు నుండి అమలులో ఉన్నది అందుకే.

మరి మెదడుకు వీటి తాకిడి అసలు తెలియదా? 2011లో అమెరికాలో డాక్టర్ నోరా వోల్కోవ్ బృందం 47 మందిని పరీక్షించింది. రెండు చెవులకూ ఫోనులు అమర్చి, ఒకనాడు రెండూ ఆపివేశారు. మరొకనాడు కుడి చెవి ఫోనును 50 నిమిషాలు పనిచేయించారు, కాని శబ్దం వినపడనీయలేదు. మాటలు వింటే మెదడు ఎలాగూ పనిచేస్తుంది కదా! ఆ తరువాత మెదడు ఎంత గ్లూకోజు వాడినదీ స్కానింగులో కొలిచారు. గేదె పొదుగు రక్తంలోని గ్లూకోజుతోనే పాలలోని తీపిని తయారుచేస్తుంది. మెదడు పని నడిచేదీ ముఖ్యంగా ఆ గ్లూకోజుతోనే. ఫోను ఏరియల్‌కు దగ్గరి భాగంలో వాడకం సుమారు 7 శాతం పెరిగింది. మొత్తం మెదడులో మాత్రం తేడా కనపడలేదు.

అదే ఏడాది ఫిన్లాండులో 13 మంది యువకులను 33 నిమిషాలు పరీక్షిస్తే గ్లూకోజు వాడకం పెరగకపోగా తగ్గింది! కాబట్టి ఏదో కొద్ది మార్పు ఉన్నదనవచ్చునే గాని, అది హాని అని తేలలేదు. కొత్త మనిషి పితకడానికి కూర్చుంటే గేదె ఎగచేపుతుంది; అంతమాత్రాన దానికి జబ్బు అంటామా?

కాన్సరు మాటకు వస్తే, ఈ తరంగాలను 2011లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ 'కారణం కావచ్చునేమో' అనే జాబితాలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశీలన 2024లో వెలువడినది. అందులో ఫోను వాడకానికీ మెదడు కాన్సరుకూ సంబంధం కనపడలేదు.

సిగ్నల్ తక్కువైన చోట ఫోను ఎక్కువ శక్తితో పనిచేస్తుంది. కనుక కొట్టంలో ఒక్క గీతే చూపిస్తున్నప్పుడు బయటకు వచ్చి మాట్లాడండి. చాలాసేపు మాట్లాడవలసి వస్తే స్పీకరు పెట్టండి. చెవికి జానెడు దూరం జరిపినా తాకిడి బాగా తగ్గుతుంది. మేము ఎక్కువగా భయపడేది వేరొకటి: మోటారు సైకిలుకు రెండువైపులా పాల క్యాన్లు కట్టి, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి సంఘానికి వచ్చే కుర్రవాళ్లను చూసి.