అరచేతిలో ఒదిగిన చరిత్ర: డై-కాస్ట్ నమూనా వాహనాల సేకరణ

కోల్‌కతా సమీపంలోని ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ కార్ల తయారీ 2014లో నిలిచిపోయింది. ఎయిర్ ఇండియాకు చెందిన చివరి బోయింగ్ 747 విమానం 2024 ఏప్రిల్‌లో ముంబయి నుంచి శాశ్వతంగా నిష్క్రమించింది. ఈ విధంగా రహదారుల నుంచి, ఆకాశం నుంచి కనుమరుగైన వాహనాలెన్నో నేడు అద్దాల బీరువాలలో సూక్ష్మరూపంలో నిలిచి ఉన్నాయి. వీటినే డై-కాస్ట్ నమూనాలు అంటారు. చూడడానికి పిల్లల ఆటవస్తువుల వలె కనిపించినా, వీటిని శ్రద్ధగా సేకరించే పెద్దల సంఖ్య తక్కువేమీ కాదు.

తయారీ విధానం

ఉక్కుతో మలచిన అచ్చును డై అంటారు. కరిగించిన లోహాన్ని అధిక పీడనంతో ఆ అచ్చులోకి పంపి, చల్లారిన తరువాత వెలికితీస్తారు. ఇందుకు వాడేది ప్రధానంగా తుత్తునాగం. దానిలో సుమారు 4 శాతం అల్యూమినియం, స్వల్ప పరిమాణంలో మెగ్నీషియం, రాగి కలుపుతారు. 1929లో అమెరికాలో రూపొందిన ఈ మిశ్రమలోహాన్ని జమాక్ అని వ్యవహరిస్తారు. ఇది 400 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ వేడిమికే కరుగుతుంది. అందువల్ల ఉక్కు అచ్చు త్వరగా అరిగిపోదు. ఒకే అచ్చుతో వేలాది, లక్షలాది ప్రతులు తీయవచ్చు. తలుపుల అంచులు, ముందుభాగపు జాలీ వంటి సన్నని వివరాలు కూడా స్పష్టంగా వస్తాయి.

నమూనాలో కీలకమైనది నిష్పత్తి. 1:18 అంటే అసలు వాహనం పొడవులో పద్దెనిమిదో వంతు అని అర్థం. సుమారు 4.3 మీటర్ల పొడవుండే అంబాసిడర్ 1:18 నిష్పత్తిలో 24 సెంటీమీటర్లు, 1:43లో 10 సెంటీమీటర్లు, 1:64లో 7 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ ఉంటుంది. విమానాలకు 1:200, 1:400, 1:500 నిష్పత్తులు ప్రసిద్ధం. 70 మీటర్లకు పైబడిన బోయింగ్ 747 సైతం 1:400లో దాదాపు 18 సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. కిటికీల చుట్టూ ఎయిర్ ఇండియా చిత్రించిన రాజస్థానీ ఝరోకాల అలంకరణ ఆ పరిమాణంలోనూ గుర్తుపట్టేలా ముద్రితమవుతుంది.

లివర్‌పూల్ నుంచి కలకత్తా వరకు

ఈ పరిశ్రమకు బ్రిటన్‌లోని లివర్‌పూల్ నగరం ఒక పుట్టినిల్లు. ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన మెకానో సంస్థ, బొమ్మ రైళ్ల పక్కన నిలిపేందుకు చిన్న వాహనాలను తయారుచేసి, 1934లో వాటికి డింకీ టాయ్స్ అని పేరు పెట్టింది. 1953లో రెండవ ఎలిజబెత్ రాణి పట్టాభిషేక సందర్భంగా లండన్‌కు చెందిన లెస్నీ సంస్థ విడుదల చేసిన చిన్న రాజరథం పది లక్షలకు పైగా అమ్ముడైంది. అదే సంస్థ అగ్గిపెట్టెలో పట్టే కార్లను మ్యాచ్‌బాక్స్ పేరుతో ప్రవేశపెట్టింది. 1968లో అమెరికాకు చెందిన మాటెల్ సంస్థ హాట్ వీల్స్‌తో రంగంలోకి దిగింది.

భారతదేశానికీ ఈ చరిత్రలో స్థానం ఉంది. డింకీ పాత అచ్చులు కొన్ని ఆనాటి కలకత్తాకు చేరగా, అడుగుభాగంలోని పేరును మార్చి ఇక్కడ నిక్కీ టాయ్స్‌గా విక్రయించారు. 1980వ దశకంలో లియో ముద్రతో హాట్ వీల్స్ కార్లు కూడా దేశంలోనే తయారయ్యాయి. ఒకనాడు సాధారణ ఆటవస్తువులైన వీటిని నేడు విదేశీ సేకర్తలు సైతం వెదుకుతున్నారు.

విలువ, ముప్పు

నమూనా విలువను నిర్ణయించేవి వయస్సు ఒక్కటే కాదు. అరుదుదనం, అసలు రంగు, అసలు పెట్టె కూడా. 1969లో హాట్ వీల్స్ రూపొందించిన ఫోక్స్‌వ్యాగన్ బీచ్ బాంబ్ తొలి నమూనాలో అలలపై తేలే పలకలను వెనుక అమర్చారు. అది ఆటపట్టాలపై సరిగా నడవకపోవడంతో పలకలను ఇరుపక్కలకు మార్చి అమ్మకానికి పెట్టారు. మిగిలిపోయిన కొద్దిపాటి తొలి నమూనాలే నేడు అత్యంత విలువైనవాటిలో చేరాయి. పాత బొమ్మకు కొత్త రంగు వేస్తే అందం పెరగవచ్చు గాని, విలువ తగ్గుతుంది.

అసలు ముప్పు లోహంలోనే దాగి ఉండవచ్చు. కరిగించే సమయంలో సీసం వంటి మలినాలు చేరితే, ఏళ్లు గడిచాక లోహం లోలోపల ఉబ్బి, పగుళ్లిచ్చి, చివరకు పొడిగా రాలిపోతుంది. దీనిని జింక్ పెస్ట్ అంటారు. 1930వ దశకపు బొమ్మలలో ఇది అధికం. ఇది ఒక బొమ్మ నుంచి మరొక దానికి అంటుకోదు. అయితే దీనికి చికిత్స కూడా లేదు. వేడి, తేమ దీనిని వేగవంతం చేస్తాయి. కనుక తీరప్రాంత నగరాలలోని సేకర్తలు నమూనాలను ఎండ తగలని, పొడిగా ఉండే చోట భద్రపరచడం శ్రేయస్కరం.

కొనుగోలుదారులు గమనించవలసిన అంశాలు మరికొన్ని ఉన్నాయి. బొమ్మలపై దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. విదేశీ నమూనాల ధరలపై ఈ భారం పడుతుంది. 14 ఏళ్లలోపు పిల్లల కోసం ఉద్దేశించిన బొమ్మలపై 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. పెద్దల కోసం చేసిన నమూనాలలో ఊడివచ్చే సన్నని భాగాలుంటాయి గనుక పసిపిల్లలకు అందనీయరాదు. అన్ని నమూనాల ధరా పెరుగుతుందని భావించి పొదుపు సొమ్మును వీటిపై వెచ్చించడం కూడా వివేకం కాదు. లక్షల ప్రతులు వెలువడిన బొమ్మకు అరుదుదనం ఉండదు.

పాత ఇళ్ల అటకలపై, ట్రంకు పెట్టెలలో ఇటువంటి బొమ్మలు ఇంకా ఉండవచ్చు. వాటిని పాత ఇనుప సామానుతో కలిపి తూకానికి వేసే ముందు ఒక్కసారి తిరగేసి, అడుగున ఏ పేరు, ఏ దేశం ముద్రించి ఉన్నదో చదవడం మంచిది. దేశీయ బొమ్మల పరిశ్రమ చరిత్రకు సంబంధించిన ఒక ఆధారం ఆ రెండు మాటల్లో లభించవచ్చు.