పార్కిన్సన్ వ్యాధి: ఎలుక చుట్ల నుండి మందు వరకు

బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుండి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో, ఇందా వాసులకు సిగ్నళ్ళ సంగతి వివరించనవసరం లేదు. మెదడులో కదలికలను నియంత్రించే స్ట్రయేటం అనే భాగంలోనూ అటువంటి ఏర్పాటే ఉంది. అయితే అక్కడ ఒకే నాడీకణంపై రెండు గ్రాహకాలు పక్కపక్కనే ఉండి విరుద్ధమైన ఆదేశాలు ఇస్తాయి.

కదలికను అణచే మార్గానికి చెందిన కణాలపై డోపమిన్‌ను అందుకునే డీ2 గ్రాహకం, అడినోసిన్‌ను అందుకునే ఏ2ఏ గ్రాహకం ఉంటాయి. మొదటిది కణాన్ని శాంతపరుస్తుంది, రెండవది ఉత్తేజపరుస్తుంది. అంతేకాక, ఏ2ఏ చురుకైనప్పుడు డోపమిన్‌పై డీ2కున్న పట్టు సడలుతుంది. పార్కిన్సన్ వ్యాధిలో డోపమిన్ తయారుచేసే కణాలు నశిస్తాయి గనుక అడినోసిన్‌దే పైచేయి అవుతుంది, కదలికకు బ్రేకు బిగుసుకుంటుంది.

ఈ సంగతి బయటపడిన తీరు ఆసక్తికరం. 1968లో స్వీడన్ శాస్త్రవేత్త ఉంగర్‌స్టెట్, 6-హైడ్రాక్సీడోపమిన్ అనే రసాయనంతో ఎలుక మెదడులో డోపమిన్ కణాలను నశింపజేసే పద్ధతిని చూపారు. ఒక వైపు మాత్రమే నశించిన ఎలుకకు డోపమిన్‌లా పనిచేసే మందు ఇస్తే అది గుండ్రంగా తిరుగుతుంది. చుట్లు లెక్కపెడితే మందు బలం తెలుస్తుంది. వింత కొలమానమే గాని, ప్రయోగశాలలు నేటికీ దీనిని విడిచిపెట్టలేదు. 1974లో ఫుక్సే, ఉంగర్‌స్టెట్ కెఫీన్ ఇస్తే ఆ చుట్లు పెరగడాన్ని గమనించారు. కాఫీ, టీలలోని కెఫీన్ అడినోసిన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది. తరువాత మార్మోసెట్ కోతులలోనూ ఏ2ఏను నిరోధించే మందు కదలికను మెరుగుపరచింది.

రోగులకు ఇది చిన్న విషయం కాదు. లెవోడోపాను ఏళ్ళ తరబడి వాడినవారిలో రెండు మోతాదుల నడుమ మందు ప్రభావం తగ్గి శరీరం బిగుసుకుపోతుంది. మోతాదు పెంచితే అసంకల్పిత కదలికలు మొదలవుతాయి. లెవోడోపాకు తోడుగా ఏ2ఏను అడ్డుకునే ఇస్ట్రాడెఫిలిన్‌ను జపాన్ 2013లో, అమెరికా 2019లో అనుమతించాయి. ఐరోపా ఔషధ సంస్థ మాత్రం 2021లో దానిని అంగీకరించలేదు.

ఎలుకలో కనిపించినదంతా మనిషిలో కనిపించదు. 121 మంది రోగులపై జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో కెఫీన్ వలన కదలికలు మెరుగుపడలేదు. కనుక టీ ఎంత తాగినా అది మందు కాదు. లెవోడోపా మోతాదును వైద్యుని సలహా లేకుండా మార్చరాదు.

డోపమిన్‌తో మరొక వ్యవస్థను కలిపి ఆలోచించే మార్గం హైదరాబాద్‌కూ చేరింది. డోపమిన్ విచ్ఛిన్నాన్ని తగ్గిస్తూనే గ్లూటమేట్ విడుదలను అదుపుచేసే సాఫినమైడ్‌ను 669 మందిపై పరీక్షించిన 2014 నాటి పరిశోధన పత్రానికి, అప్పట్లో నిమ్స్ వైద్యుడైన రూపమ్ బొర్గొహైన్ ప్రథమ రచయిత. ఆ మందును ఐరోపా 2015లో, అమెరికా 2017లో ఆమోదించాయి.