గుప్పెడంత వాచీకి చేటంత పెట్టె

1831 డిసెంబరులో ఇంగ్లండు తీరం వదిలిన బీగిల్ ఓడ మీద చార్లెస్ డార్విన్‌తోపాటు 22 క్రోనోమీటర్లు కూడా బయల్దేరాయి. రేఖాంశాలు లెక్కగట్టడానికి వాటిని నమ్ముకున్న కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, వాటి కోసం ఓడలో ఒక చిన్న గదే కేటాయించాడు. ఒక్కో గడియారం ఒక్కో చెక్కపెట్టెలో ఉండేది. ఆ పెట్టెల అడుగునా, చుట్టూతా మూడంగుళాల మందాన రంపపు పొట్టు పోశారు. దాదాపు అయిదేళ్లు భూగోళమంతా చుట్టి వచ్చాక, దారిపొడవునా కొలిచిన కాలభేదాలన్నీ కూడితే సరిగ్గా 24 గంటలు రావాలి. 33 సెకన్లు మాత్రమే ఎక్కువ వచ్చాయి. ఆ ఫలితంలో గడియారాలు చేసినవాళ్లకెంత వాటా ఉందో, పెట్టెలు చేసినవాళ్లకూ కొంత వాటా ఉంది.

ఎందుకంటే ఆ పెట్టె అలంకారం కోసం చేసింది కాదు. మహాగని చెక్కతో చేసిన చతురస్రపు పెట్టె లోపల, ఒకదానికొకటి అడ్డంగా తిరిగే ఇరుసుల మీద ఇత్తడి వలయం బిగించి, దాంట్లో గడియారాన్ని వేలాడదీసేవారు. ఓడ ఎటు ఒరిగినా డయల్ మాత్రం ఆకాశం వైపే చూస్తుంది. మూత రెండంచెలుగా ఉంటుంది. పై మూత తీస్తే కింద అద్దం కనిపిస్తుంది కనుక, ఉప్పుగాలి లోపలికి పోకుండానే టైము చూసుకోవచ్చు. తాళంచెవికి ఒక మూల, మోయడానికి పక్కల ఇత్తడి పిడులు. దేని పని దానిదే. గడియారపు పెట్టెల చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. దీని తర్వాత పెట్టె అందం పెరుగుతూ వచ్చింది, పని తగ్గుతూ వచ్చింది.

జేబు గడియారాల కాలానికి వస్తే పెట్టె యజమాని హోదాను చెప్పడం మొదలుపెట్టింది. న్యూయార్క్ బ్యాంకరు హెన్రీ గ్రేవ్స్ కోసం పటెక్ ఫిలిప్ చేసి 1933లో అందజేసిన సూపర్‌కాంప్లికేషన్‌లో 24 ప్రత్యేక సౌకర్యాలున్నాయి. దాని పెట్టె ట్యూలిప్‌వుడ్‌ది. అందులో నల్లచేవ చెక్క పొదిగి, నడుమ ముత్యపుచిప్ప పలక మీద గ్రేవ్స్ వంశచిహ్నం చెక్కించారు. 1999లో ఆ గడియారం వేలంలో సుమారు 1.1 కోట్ల డాలర్లు పలికింది, 2014లో మళ్లీ వేలానికి వచ్చినప్పుడు 2.4 కోట్లు దాటింది. రెండుసార్లూ పెట్టె దాని వెంటే ఉంది.

ఇలాంటివి కోటికొకటి. ఇరవయ్యో శతాబ్దం నడుమ చేతివాచీ కొన్న మామూలు మనిషికి దొరికింది చిన్న డబ్బానే. రోలెక్స్ 1950, 60 దశకాల్లో ఇచ్చిన కొన్ని పెట్టెలను కలెక్టర్లు ఇప్పుడు కాఫిన్ బాక్సులంటారు. వాచీని పట్టీతో సహా పొడుగ్గా పడుకోబెట్టే సన్నటి పెట్టెలవి, అరచేతిలో ఇమిడిపోతాయి. మన దగ్గర 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ వాచీలదీ అదే తీరు. పెళ్లిలో అల్లుడికి పెట్టిన వాచీ ముప్పై ఏళ్లు నడిచేది, దాని డబ్బా ఎటుపోయిందో ఎవరూ పట్టించుకునేవారు కారు. వాచీ అప్పుడు అవసరమైన వస్తువు. అవసరమైన వస్తువుకు ఆర్భాటమైన పెట్టె అక్కర్లేదు.

లెక్క తిరగబడింది 1969 డిసెంబరు 25న. సీకో ఆ రోజు టోక్యోలో బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ ఆస్ట్రాన్‌ను అమ్మకానికి పెట్టింది. ధర 4,50,000 యెన్లు, నెలకు తేడా 5 సెకన్లకు మించదు. ధర త్వరలోనే పడిపోయింది, కచ్చితత్వం మాత్రం అలాగే ఉంది. 1970లో స్విట్జర్లాండు గడియారాల పరిశ్రమలో సుమారు 90,000 మంది పనిచేసేవారు. 1980ల నడిమికి వచ్చేసరికి మిగిలింది 30,000 పైచిలుకు. టైము చెప్పడంలో చవక బ్యాటరీ వాచీతో ఓడిపోయిన కీ వాచీ, ఇక వేరే కారణాల మీద అమ్ముడుపోవాల్సి వచ్చింది: చేతిపనితనం, చరిత్ర, హోదా. వీటిలో ఏదీ డయల్ మీద కనిపించదు. చూపించే బాధ్యత పెట్టె మీద పడింది.

ఈ మార్పు ఎంత పెద్దదో ఎగుమతుల లెక్క చెబుతుంది. 2000లో స్విట్జర్లాండు 2.97 కోట్ల వాచీలు ఎగుమతి చేసింది, ఆ ఏడాది గడియారాల ఎగుమతుల మొత్తం విలువ 1,030 కోట్ల ఫ్రాంకులు. 2024లో వాచీలు 1.53 కోట్లే, విలువ మాత్రం 2,600 కోట్ల ఫ్రాంకులు. మొత్తం విలువను వాచీల సంఖ్యతో భాగిస్తే, ఒక్కో వాచీకి 350 ఫ్రాంకుల దగ్గర్నుంచి 1,700కు చేరింది. ఇది ముతక లెక్కే, ధరల పెరుగుదలను తీసేయలేదు. అయినా అమ్మినవి సగమై, ఒక్కోదాని విలువ అయిదు రెట్లయిందన్నది స్పష్టం. అంత డబ్బు పెట్టినవాడి చేతికి అట్టడబ్బా ఇవ్వడానికి ఏ కంపెనీ ధైర్యం చేస్తుంది? లక్క మెరుగు పెట్టిన చెక్క, తోలు, మెత్తటి దిండు, వాటి చుట్టూ మరో అట్టపెట్టె, దాని మీద సంచి. బ్రైట్లింగ్ బేకలైట్‌తో, పనెరాయ్ చెక్కతో బరువైన పెట్టెలు చేశాయి. ఒమెగా స్పీడ్‌మాస్టర్ మూన్‌వాచ్కు 2014 నుంచి వచ్చిన పెద్ద నల్లపెట్టెలో వాచీతోపాటు అదనపు పట్టీలు, పట్టీ మార్చే పనిముట్టు, భూతద్దం, పుస్తకం కూడా ఇచ్చింది.

ఈ ధోరణికి కొస బ్రెగే కంపెనీ చేసిన పెట్టె. దీని కథ కొంచెం నింపాదిగా చెప్పుకోవాలి. ఫ్రాన్సు రాణి మేరీ ఆంత్వానెత్ కోసమని 1783లో బ్రెగేకు ఒక గడియారం పురమాయించారు. 1793లో రాణికి మరణశిక్ష పడింది, 1823లో అబ్రహాం లూయీ బ్రెగే కన్నుమూశాడు, గడియారం పూర్తయింది 1827లో. తిరిగి తిరిగి అది జెరూసలేం చేరి, 1983లో అక్కడి ఎల్.ఎ. మేయర్ మ్యూజియం నుంచి చోరీ అయింది. అది దొరకదేమోనని, బ్రెగే కంపెనీ అధినేత నికోలాస్ హాయెక్ పాత పత్రాలూ బొమ్మలూ ఆధారంగా అచ్చం అలాంటిదే మరొకటి చేయించడం మొదలుపెట్టాడు. అసలుది దొరికిందన్న వార్త 2007లో వచ్చింది. నకలు 2008లో పూర్తయింది. దాని పెట్టెకు వాడిన కలప వెర్సాయ్ తోటలో రాణికి ఇష్టమైనదని చెప్పే ఓక్ చెట్టుది. 2003 వేసవి ఎండలకు ఆ చెట్టు చనిపోయింది.

గడియారంలో భాగాలు 823. పెట్టెలో చెక్క ముక్కలు 3,500కు పైగా. మూత తెరిస్తే లోపల మరో 1,000కి పైగా ముక్కలు పేర్చి తీర్చిన బొమ్మ ఉంటుంది: గులాబీ పట్టుకున్న రాణి చెయ్యి, విజే లెబ్రున్ వేసిన చిత్రంలోది. భాగాల లెక్కన చూస్తే పెట్టె గడియారానికి నాలుగు రెట్లకు పైనే. అయినా ఇది నాకు ఆర్భాటంగా అనిపించదు. చచ్చిపోయిన చెట్టునూ పోయిందనుకున్న గడియారాన్నీ ఒకచోట చేర్చిన పని అది. తప్పేమిటంటే, ఆ స్థాయి గౌరవాన్ని ఫ్యాక్టరీలో వేలకు వేలు చేసే వాచీలకు ప్లాస్టిక్, ఫోమ్, కృత్రిమ తోలుతో అనుకరించబోవడం.

ఆ అనుకరణకు ఖర్చు ఎక్కడ తగులుతుందో విమానాల రవాణా లెక్క చూస్తే తెలుస్తుంది. కొరియరు సంస్థలు అసలు బరువునూ ఘనపరిమాణపు బరువునూ పోల్చి, ఏది ఎక్కువైతే దానికి చార్జీ వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చేది కిలోల్లో ఆ బరువు. ఉదాహరణకు 30×20×15 పెట్టె అనుకుందాం: 9,000ను 5,000తో భాగిస్తే 1.8 కిలోలు. 15×12×8 పెట్టె అయితే 290 గ్రాములకు కాస్త తక్కువ. రెండిట్లోనూ ఉన్నది ఇంచుమించు 150 గ్రాముల స్టీలు వాచీయే. వెయ్యి వాచీలకు ఒకచోట 1,800 కిలోలు, మరోచోట 288 కిలోలు. ఆ తేడా అంతా గాలి, ఫోమ్.

2020లో బ్రైట్లింగ్ తెచ్చిన పెట్టె ఈ లెక్కకే జవాబు. వాడి పారేసిన ప్లాస్టిక్ సీసాల నుంచి చేసిన ఆ పెట్టె మడిస్తే పలచగా అయిపోతుంది. ఖాళీ పెట్టెలను అలా మడిచి పంపడం వల్ల రవాణాలో కర్బన ఉద్గారాలు 60 శాతానికి పైగా తగ్గుతాయని కంపెనీ ప్రకటించింది. అదే ఏడాది స్వాచ్, బంగాళదుంప పిండి, కర్రపెండలం పిండి కలిపిన పేపర్‌ఫోమ్ డబ్బా తెచ్చింది. దాన్ని పాత కాగితాల్లోనైనా వేయొచ్చు, పెంటకుప్పలోనైనా వేయొచ్చు.

పెట్టె అంత తేలిగ్గా మాయం కాకపోవడానికి ఒక కారణం సెకండ్‌హ్యాండ్ బజారు. పెట్టె, పత్రాలు అన్నీ ఉన్న వాచీని అక్కడ ఫుల్ సెట్ అంటారు, ధరా ఎక్కువే. అందుకే ఖాళీ పెట్టెలు విడిగా అమ్ముడవుతున్నాయి, నకిలీవీ వస్తున్నాయి. ఇక్కడే కొనేవాళ్లు మోసపోయేది. పెట్టె మీద వాచీ నంబరు సాధారణంగా ఉండదు, వారంటీ కార్డు మీద ఉంటుంది. పెట్టె వాచీ గురించి ఏ సాక్ష్యమూ చెప్పదు. 2020 నుంచి బ్రైట్లింగ్ కొత్త వాచీలకు బ్లాక్‌చెయిన్ ఆధారిత డిజిటల్ పాస్‌పోర్టు ఇస్తోంది కాబట్టి, పత్రాలు సైతం పెట్టెలోంచి బయటికి నడుస్తున్నాయి.

వాచీ పక్కన పెట్టెకు వేరే ఉనికి లేదని కస్టమ్స్ చట్టం కూడా ఎప్పుడో తేల్చేసింది. ప్రపంచమంతా పాటించే సరుకుల వర్గీకరణలో 5(ఎ) నియమం ప్రకారం, ఒక వస్తువు కోసమే మలచిన, ఎక్కువకాలం వాడదగ్గ పెట్టె ఆ వస్తువుతో కలిసి వస్తే వస్తువు కిందికే చేరుతుంది. వాచీతో వస్తే వాచీల కోడ్ అయిన 9101 లేదా 9102. అదే పెట్టె ఒంటరిగా వస్తే, తోలు కప్పినదైతే 4202, చెక్కదైతే 4420.

చివరిగా, వాచీని పెట్టెలో ఏళ్లతరబడి దాచేవాళ్లకు పనికొచ్చే సంగతి. 1973లో బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ ఒక పరీక్ష రూపొందించాడు. పెట్టెకు వాడదలచిన పదార్థపు ముక్కను వెండి, రాగి, సీసం రేకులతోపాటు కొద్దిపాటి తేమ ఉన్న సీసాలో బిగించి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు. రేకులు మసకబారినా తుప్పుపట్టినా ఆ పదార్థం పనికిరాదు. ఓక్ వదిలే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినేస్తుందని సంరక్షకులకు తెలుసు. వాచీల పెట్టెల్లో పరిచే పాలీయురెథేన్ ఫోమ్, కృత్రిమ తోలు తేమకు విచ్ఛిన్నమై జిగటగా, పొడిపొడిగా రాలతాయి. కాకినాడలోనో మచిలీపట్నంలోనో వానాకాలం గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. అక్కడ బీరువాలో పదేళ్లుంచిన పెట్టె లోపలి దిండును వేలితో నొక్కి చూడండి. వేలికి పొడి అంటుకుంటే వాచీని వెంటనే బయటికి తీసి శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో గాలి చొరబడని స్టీలు డబ్బాలో పెట్టాలి. తోలుపట్టీ ఉంటే విప్పి, బూజు పట్టకుండా విడిగా ఉంచాలి. పెట్టెను అటక మీదికి ఎక్కించవచ్చు. వారంటీ కార్డును మాత్రం అందులో వదలకుండా ఇంటి దస్తావేజుల దగ్గర పెట్టుకోవాలి.